చెదల కుండలు

పోయిన నెల మహబూబాబాద్‌లో కోళ్లు పెంచే రైతులకు శిక్షణ పెట్టారని తెలిసి, రిటైరైనా ప్రాణం ఊరుకోక నేనూ వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. మా మనవరాలి వయసున్న సైంటిస్టు అమ్మాయి ట్రేలో లుకలుకలాడే ఈగ పురుగులను చూపిస్తూ, చేపల పొడికి బదులు వీటిని దాణాలో కలపవచ్చనీ, కోడిపిల్లల ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులు వీటిలో పుష్కలంగా ఉంటాయనీ చెబుతుంటే అందరూ ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. నాకు మాత్రం విరిగి అతికిన ఎడమ చెయ్యి సలిపింది.

నా తొలి ఉద్యోగం మహదేవపూర్ వైపు ఒక ఊళ్లో, పశువులకు టీకాలు వేసే పని. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అటువైపు ఊళ్లకు బస్సు వచ్చిన నాడే బస్సు. ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ ఇంట్లో అద్దెకు దిగి, ఆమెను అవ్వా అని పిలిచేవాణ్ణి. ఆమె రోజూ సాయంత్రం పాత కుండలో తడి పేడా వరిగడ్డీ కూరి, చెదలున్న చోట బోర్లించి వచ్చేది. తెల్లారేసరికి కుండ నిండా తెల్లటి చెదలు పట్టేవి, వాటిని వాకిట్లో దులిపితే కోడిపిల్లలు ఎగబడి తినేవి. ఆ పిల్లలు ఊళ్లో మిగతా వాటికంటే ఎంత తొందరగా ఎదుగుతున్నాయో చూసి, చదువుకున్న కుర్రతనం కదా, నాకు పరిశోధన పిచ్చి పట్టింది. కొన్నిటికి ఉత్త నూకలు, కొన్నిటికి చెదలు వేసి రోజూ తూకం వేసేవాణ్ణి. అవ్వ కుండలు చాలక, ఆమె మరిది కొడుకు పొలం గట్ల మీద నేనే మరో పది బోర్లించి, నావి గుర్తుండాలని వాటికి ఎర్ర గుడ్డ పేలికలు కట్టాను.

ఆ తొలకరికి మరిది కొడుకు జోడెడ్లు గొంతు వాచి, గురక పెడుతూ ఒక్క రోజు తేడాతో చచ్చిపోయాయి. ఏడుస్తూ పొలానికి పోయినవాడికి గట్ల మీద బోర్లించిన కుండలూ ఎర్ర పేలికలూ కనబడ్డాయి. అవ్వే చేతబడి చేసి ఎడ్లను చంపిందని ఊరందరినీ పోగుచేశాడు.

పక్క ఊరి నుంచి నేను సైకిల్ మీద తిరిగి వచ్చేసరికి, అవ్వను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి కరెంటు స్తంభానికి కట్టేశారు. మంత్రం పారొద్దంటే పళ్లు ఊడబెరకాలని ఎవరో అన్నారట, మరిది కొడుకు పటకారుతో అప్పటికే ముందు పళ్లు రెండు లాగేశాడు. మూడోది విరిగిన చప్పుడు నేను విన్నాను.

"గా కుండలు నావన్నా! గుడ్డలు నేనే కట్టిన! కోడిపిల్లల మేతకన్నా!" అని అరుస్తూ మీద పడ్డాను.

"దాని సేతి బువ్వ తిన్నవ్ గద, గందుకే గిట్ల మాట్లాడుతున్నవ్" అంటూ ఒకడు రోకలి ఎత్తి కొట్టాడు. ఎడమ చెయ్యి విరిగి వేలాడింది. పొలం నుంచి తెచ్చి పడేసిన నా కుండ ఒకటి కాళ్ల దగ్గరే ఉంది. కుడి చేత్తో దాన్ని నేలకేసి కొట్టి, పేడలో కదులుతున్న చెదలను గుప్పెడు తీసి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని నమిలాను.

"సూడుండ్రి, పురుగులే గివి! మంత్రమైతే నేను సావాలె గద!"

నమ్మారో, రోతే పుట్టిందో, గుంపు వెనక్కి జరిగింది. మరిది కొడుకు పెళ్లాం వచ్చి మొగుడి చేతిలోంచి పటకారు లాక్కుని, అవ్వ కట్లు విప్పింది.

ట్రాక్టర్ మీద భూపాలపల్లి దవాఖానకు పోతుంటే అవ్వ నెత్తుటి నోటితో అడిగిన మాట ఒకటే: "పిల్లలకు మేత ఏసినవా, బిడ్డా?" పోలీసులు వస్తే జారిపడ్డానని చెప్పింది. "ఎడ్లు పోయినయ్ ఆనికి. ఇగ జైలుకు గూడ పోవాల్నా?" అంది నాతో. మళ్లీ ఆమె కుండ బోర్లించలేదు.

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. వానలకు ముందే వేయాల్సిన గొంతువాపు టీకాలు ఆ మరిది కొడుకు వాడకు నేను వేయలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ కోడిపిల్లల తూకాల్లో పడి వాయిదా వేశాను. బదిలీ మీద వెళ్లిపోయే నాడు అతనే బస్సు దాకా నా పెట్టె మోసుకొచ్చి, "సారూ, సూది ఏస్తే నా ఎడ్లు బతుకుతుండెనా?" అని అడిగాడు.

"చెప్పలేమన్నా" అన్నాను.

ఇప్పుడు ఒక్క ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వాకిట్లోకి వస్తుంది, అవ్వ చేసిన పనిని ఇవాళ శాస్త్రమంటున్నారు, సంతోషమే. అవ్వ పోయింది, అతనూ పోయాడు. నిజం చెప్పే ధైర్యం నాకు వచ్చేసరికి, దాన్ని వినాల్సిన ఇద్దరూ మిగల్లేదు.