సైలెన్సర్ దగ్గర పురికొస ముడి

నా పేరు మార్తమ్మ, డెబ్బై రెండేళ్లు. సత్తెనపల్లి పక్క ఊళ్లో నేనూ నా కొడుకు ఏసోబూ ఉంటాం.

పోయిన మిర్చి కోతలప్పుడు మా ఆయనకి గుండెనొప్పి వస్తే సరుకు తోలే మా డీజిల్ ట్రాలీలో గుంటూరు బయల్దేరాం. బండి నత్తలా నడిచింది. నల్లపాడు రాకముందే ఆయన పోయాడు. "కావాలనే మెల్లగా తోలావురా" అని కొడుకుని పదిమందిలో అన్నాను. ఆరోజు నుంచి వాడితో మాట్లాడలేదు.

ఆరోజు వెలిగిన ఇంజన్ లైటే ఇవాళ మళ్లీ వెలిగింది. పొగ వేడి చూసే సెన్సర్‌ని రెండుసార్లు మార్చారు గానీ ఎవడూ వైరు చూడలేదు. మెకానిక్ బాజీ మీటరు పెట్టి చూశాడు.

"సెన్సర్ బాగానే ఉంది మామ్మా. వైరు సైలెన్సర్‌కి తగిలి కాలింది. అట్టా అయితే ఇంజన్ తనంతట తనే జోరు తగ్గించుకుంటుంది, ఎవరు తొక్కినా పరిగెత్తదు. ఇంతకీ వేలాడే వైరుని వేడికి కాలిపోయే పురికొసతో కట్టిన మొనగాడెవరు?" అని నవ్వి, కాలగా మిగిలిన ముడి నా చేతిలో పెట్టాడు.

మిర్చి బస్తాల మూతి కుట్టే పురికొస అది. ఆ రెండు చుట్ల ముడి మా ఆయనదే.

"పారెయ్యమ్మా" అన్నాడు ఏసోబు. పారెయ్యలేదు, కొంగున కట్టుకున్నా.

పదిమందిలో అన్నాను గనక పదిమందిలోనే చెబుతున్నా: నా కొడుకు తప్పు లేదు. కన్నబిడ్డని ఇట్టా అన్నవాళ్లు మీలో ఉంటే, తర్వాత వాడి మొహం ఎట్టా చూశారో చెప్పండి.

దీంతోపాటు పెట్టిన ఫోటోలో ఉన్నది నా వేలిముద్ర. సాక్షులు: మెకానిక్ బాజీ, ఇది ఫోన్‌లో రాసిపెట్టిన పక్కింటి సుశీల టీచరు.