మొగుడి పేరు అడిగిన మిషను

రత్తమ్మ నోరు మంచిదే గాని, మెత్తనిది కాదు. నందిగామ బస్టాండు పక్కన ఇడ్లీలు అమ్మిన రోజుల్లో, ప్లేటుతో సహా బస్సెక్కిన పెద్దమనిషిని కదిలే బస్సాపించి కిందికి దింపిన ఘటం. అలాంటి నోరు ఒక్కచోట పడిపోయింది.

ఎనభై మూడులో ఆమె మొగుడు బ్రహ్మయ్య పనిచేసే జిన్నింగు మిల్లు మూతపడింది. రోడ్డు వెడల్పు చేస్తామంటూ ఈమె ఇడ్లీల పందిరీ పీకేశారు. పొయ్యిలో పిల్లి లేవడం మానేసింది. పిల్లలిద్దరూ చిక్కిపోతున్నారు. అప్పుడే జగ్గయ్యపేట దగ్గర కొత్త సిమెంటు ఫ్యాక్టరీలో, క్యాంటీను సరుకుల గది చూసుకునే మనిషి కావాలన్నారు. అంతకుముందున్నవాడి హయాంలో నూనె డబ్బాలకు కాళ్ళొచ్చాయట. అందుకని బొంబాయి ఆఫీసరొకాయన గొంతును టేపులో పట్టి వినే మిషను తెప్పించాడు. అబద్ధమాడితే గొంతు వణుకుతుందట, ఆ వణుకును ముల్లు కాగితం మీద గీసి చూపెడుతుందట. చదువుకున్నవాళ్ళ నమ్మకాలు వాళ్ళవి!

రత్తమ్మను వెంటబెట్టుకొచ్చిన బ్రహ్మయ్య గేటు దగ్గర ఆగిపోయాడు. లోపల ఆమెను మిషను ముందు కూర్చోబెట్టి, ఆఫీసరు ప్రశ్నలను గుమాస్తా వరప్రసాదరావు తెలుగులో అడిగాడు. దొంగతనం చేశావా అంటే లేదంది. సరుకు ఇంటికి పట్టుకుపోతావా అంటే, ఆ ఖర్మ తనకింకా పట్టలేదంది. ముల్లు కుదురుగా ఉంది. ఆఖర్న భర్త పేరు అడిగారు.

రత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాలుగు తలకాయల దేవుడి పేరండి."

అలా కాదు, పేరే చెప్పాలన్నాడు ఆఫీసరు. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని తల్లి చెప్పిన మాట. ఇన్నేళ్ళ కాపురమూ "ఏమయ్యా"తోనే నెట్టుకొచ్చింది. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది, చెబితే మనిషే పోతాడేమో. పిల్లల మొహాలు గుర్తుకొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని "బ్రహ్మయ్య" అంది. ముల్లు పూనకమొచ్చినట్టు ఊగింది.

పచ్చి అబద్ధమని తేల్చాడు ఆఫీసరు. మొగుడి విషయంలోనే బొంకే మనిషికి తాళాలెలా ఇస్తామన్నాడు. రత్తమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇది ఇక్కడి ఆచారమనీ, తన భార్య కూడా ఇంతవరకూ తన పేరు పలకలేదనీ వరప్రసాదరావు నచ్చజెప్పబోయాడు. ఆయన వింటేగా! అయితే ఆ మొగుణ్ణీ మిషను ముందు కూర్చోబెట్టమన్నాడు గుమాస్తా.

బ్రహ్మయ్య వచ్చి తన పేరూ పెళ్ళాం పేరూ గడగడా చెప్పేశాడు. ముల్లు ఉలకలేదు. అంటే మిషను లెక్కన అతనికి ఆమె పెళ్ళామే గాని, ఆమెకు అతను మొగుడు కాడు. ఆఫీసరు కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, చూసుకుని, చివరికి మిషనుకు గుడ్డ కప్పి, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు.

గుడ్డ కప్పేముందు గుమాస్తా టేపు వెనక్కి తిప్పుతుంటే రత్తమ్మ గొంతులో తన పేరు బ్రహ్మయ్య చెవిన పడింది. తిరుగుదారిలో చిల్లకల్లులో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆ పేరు ఇంకొక్కసారి అనమని బతిమాలాడు.

"పిల్లల అన్నం కోసం ఒకసారి అనేశాను," అంది రత్తమ్మ. "నీ ముచ్చట కోసం నిన్ను పోగొట్టుకోమంటావా?"