మా ఐలవ్వ, వాళ్ళ అక్క ఇస్లా

మా అమ్మమ్మ ఐలవ్వ డెబ్బై ఏళ్ళు దాటాక ఒక మనిషి మీద కుళ్ళుకోవడం మొదలుపెట్టి, రెండేళ్ళపాటు విడవకుండా కుళ్ళుకుంది. ఆ మనిషి పేరు ఇస్లా. ఎక్కడుందో తెలియదు, బతికుందో లేదో తెలియదు. అయినా పొద్దున చాయ్ గ్లాసు చేతికి రాగానే అమ్మమ్మ నోట మొదటి తిట్టు ఇస్లాకే.

అమ్మమ్మ పోయి పదకొండు నెలలైంది. తలుచుకుంటే ఏడుపు కంటే ముందు నవ్వొస్తోంది. ఆ నవ్వు ఎక్కడినుంచి వస్తోందో మరిచిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. కాగితాలేవీ ముందు పెట్టుకోలేదు. తేదీలు అటూ ఇటూ అయితే కావచ్చు, మాటలు మాత్రం ఆమెవే.

ఆమెవి పిల్లికళ్ళు. సిద్దిపేట కూరగాయల మార్కెట్టుకు కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు ఆమెను చూసి బీరకాయల ధర ఇంగ్లీషులో చెప్పేవారు. ఆమె నోరు తెరిచి బేరం మొదలుపెట్టగానే గబగబా తెలుగులోకి దిగిపోయేవారు. ఆ కళ్ళు తండ్రివి. ఆయన స్కాట్లాండ్ మనిషి. సిద్దిపేట నుంచి చేర్యాల దిక్కు కంకర రోడ్డు వేస్తున్న రోజుల్లో, ఆవిరితో నడిచే రోడ్డు రోలరును బాగుచేయడానికి ఒక గుత్తేదారు తెచ్చుకున్న మెకానిక్. పేరు డంకన్. మనవాళ్ళ నోట్లో అది దుంకన్న అయింది. ఆ రోడ్డు మీదే కంకర తట్టలు మోసే రామవ్వను చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. బిడ్డ పుట్టింది. బిడ్డకు మూడేళ్ళు నిండకముందే వాళ్ళ దేశం నుంచి తంతి వచ్చిందని బొంబాయి బండెక్కాడు. మళ్ళీ రాలేదు. పేరుకు తగ్గట్టు దుంకిండు అని ఊరంతా ఒక్క మాటతో తేల్చేసింది.

రామవ్వ ఆ తర్వాత రెండేళ్ళకు జ్వరంతో పోయింది. పిల్లను పెంచింది రామవ్వ తల్లి. ఆ ముసలమ్మకు అల్లుడి పేరెత్తితే ఒళ్ళు మండేది. మనవరాలు ఎప్పుడడిగినా ఒకటే చెప్పేదట. ఐలోని ఊళ్ళో మల్లన్న దేవుడికి మొక్కుకుంటే పుట్టావు, అందుకే ఐలవ్వవు, నీ బాపు నీకు పేరు కూడా పెట్టలేదు అని. తోటి పిల్లలు దుంకన్న బిడ్డ అని ఏడిపించినా అమ్మమ్మకు పట్టలేదు. వాళ్ళను తిరిగి కొట్టి వచ్చేది. పేరు పెట్టలేదన్న ఈ ఒక్క మాట పట్టింది. పెళ్ళై, కల్లుగీత పని చేసే ఇంటికి కోడలై, నలుగురు పిల్లల తల్లై, సిద్దిపేటలో మా ఇంటికి వచ్చి స్థిరపడ్డాక కూడా పట్టుకునే ఉంది. కూతురు అన్నందుకు ఆయన ఎక్కడైనా, ఏ చిట్టీ మీదైనా తన పేరు రాసుకున్నాడా లేదా. ఆమెకు కావలసింది అంతే. ఆస్తి కాదు, ఫోటో కూడా కాదు.

ఒకసారి బంధువుల పెళ్ళికి ఇక్కడికి రెండు గంటల దూరంలో ఒక పాత చర్చికి వెళ్ళాం. అమ్మమ్మ, మా అమ్మ నవనీత, నేను. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కలకు అదొక్కటే చర్చి అని విని, భోజనాలయ్యాక నేను పాస్టరుగారిని పాత బాప్తిస్మం పుస్తకాలు చూపించమని అడిగాను. ఆయన బీరువా పైనుంచి దుమ్ము కొట్టుకుపోయిన పుస్తకాలు దింపి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. మూడో పుస్తకంలో దొరికింది. వంకర తిరిగిన ఇంగ్లీషు రాత. తండ్రి డంకన్ మ్యూర్, అబర్డీన్ దగ్గర ఒక చేపల ఊరు. తల్లి రామవ్వ. బిడ్డ పేరు ఉన్నచోట నాలుగే అక్షరాలు. ఐ, ఎస్, ఎల్, ఏ. ఇస్లా. పుట్టింది 1944 నవంబరు.

అమ్మమ్మ ఆధార్ కార్డు మీద ఎవరో అందాజగా వేయించిన తేదీ 1946 జనవరి ఒకటి. మా అమ్మ అక్కడికక్కడే వేళ్ళ మీద లెక్కపెట్టి, ఈ ఇస్లా అమ్మమ్మకు ఏడాది పైన పెద్దదని తేల్చింది. నేను ఇంకా ఆరేళ్ళ పేజీలు తిరగేశాను. ఐలవ్వ లేదు, ఐలమ్మ లేదు, ఆ దరిదాపుల పేరే లేదు. ఇక కథ దానంతట అదే అల్లుకుపోయింది. పెద్దబిడ్డకు పేరు పెట్టి, చర్చిలో రాయించి, పోయేటప్పుడు వెంట తీసుకుపోయాడు. చిన్నదాన్ని ముసలమ్మ ఒళ్ళో వదిలేశాడు. అవునో కాదో చెప్పడానికి ఆనాటివాళ్ళు ఎవరూ మిగల్లేదు.

తిరుగు బస్సులో అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కొమురవెల్లి కమాన్ దాటాక బయటికి చూస్తూనే అంది.

"అంటే దానికి పేరు వెట్టిండు."

మర్నాటి నుంచి తిట్లు. ఇంట్లో ఏది కొంచెం తక్కువైనా అది ఇస్లాకు ఎక్కువైందని అర్థం. అన్నం మెత్తబడితే, ఇస్లా ఇలాంటి ముద్ద తింటుందా అని అడిగేది. కరెంటు పోతే, దాని ఇంట్లో పోదు అనేది. చలికాలం అమ్మ కొత్త స్వెట్టర్ తెస్తే వేలితో తిప్పి చూసి, ఇది నూలు, ఇస్లాది అసలు గొర్రెది అయి ఉంటుంది అని పక్కన పెట్టింది. గంట తర్వాత వేసుకుంది. ఇస్లాకు ఎంతమంది కోడళ్ళు ఉంటారో, వాళ్ళలో ఎంతమంది మాట వింటారో కూడా ఆమె దగ్గర లెక్కుండేది.

దీనికంతటికీ గాలి కొట్టేవాడు మా చిన్నతాత దుబ్బయ్య. అమ్మమ్మకు మరిది. కల్లు గీయడం మానేసి పదిహేనేళ్ళైనా చెట్టెక్కి చూసినట్టే అందరి ఇళ్ళలోకి చూస్తాడు. మా పక్క గల్లీలోనే ఇల్లు. రోజూ సాయంత్రం వచ్చి, మీ అక్క జాబు రాసిందా అని అడిగి కూర్చునేవాడు. ఒకరోజు అమ్మమ్మ ఇస్లాను మరీ గట్టిగా దులుపుతుంటే న్యాయం చెప్పబోయాడు.

"పెద్దదాన్ని గట్ల తిడ్తరా వదినె. అక్క అన్నంక కాళ్ళు మొక్కాలె."

"మొక్కుత. ముందుగాల ఆ కాళ్ళను గీడిదాంక రానియ్యి."

కానీ ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే దగ్గరికి వచ్చి కూర్చుంది. కాసేపు ఒక దిండుగలీబు అంచు సరిచేసింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"ఆ ఇస్లా పేరు పక్కపొంటి సిన్నగనన్న నా పేరు రాసిండేమో, మంచిగ సూసినవా వినీతా."

చూశానని చెప్పాను. ఆ రోజే డంకన్ మ్యూర్ పేరూ ఊరూ మాత్రం రాసి స్కాట్లాండ్‌లో ఒక సంఘానికి మెయిల్ పెట్టాను. అక్కడినుంచి వలసపోయిన కుటుంబాలు ఎటు పోయాయో వెతికిపెట్టడం వాళ్ళ పని. ఎక్కువమంది పెద్దమనుషులే, తీరిగ్గా జవాబిస్తారు. నెలకొక మెయిలు చొప్పున ఏడాదిన్నర గడిచింది. చివరికి తెలిసింది ఇది. యుద్ధం అయిపోయాక, 1947లో, మ్యూర్ కుటుంబం మొత్తం ఇల్లూ పడవలూ అమ్ముకుని న్యూజిలాండ్‌కు వలసపోయింది. ముసలి తల్లికి బాగాలేదని డంకన్‌కు తంతి ఇచ్చింది అప్పుడే, అతనూ వాళ్ళ వెంట అక్కడికే పోయాడు. అక్కడి డునెడిన్ అనే పట్నంలో డంకన్ తమ్ముడి కూతురు ఉంది. పేరు మోరాగ్, వయసు డెబ్బై పైన. మాట్లాడతానంటోంది.

అమ్మమ్మ వెంటనే వరస కట్టింది. బాపు తమ్ముడి బిడ్డ కాబట్టి చెల్లె. అక్క కోసం వెతికితే చెల్లె ఎదురొచ్చిందని దుబ్బయ్య తాత గల్లీ అంతా చెప్పుకొచ్చాడు. మోరాగ్ అన్న పేరు అమ్మమ్మ నోట్లో ఒక పూట కూడా నిలవలేదు. మధ్యాహ్నానికల్లా మోరవ్వ అయింది.

ఒక ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వీడియో కాల్ చేశాం. వాళ్ళకు అప్పుడు మధ్యాహ్నం. ఫోన్ చక్కెర డబ్బాకు ఆనించాను. అమ్మమ్మ తలకు నూనె పెట్టి దువ్వించుకుని, పెళ్ళిళ్ళకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుని, తీరా సమయానికి వెళ్ళి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తాను మాట్లాడనని, ఆ ఇస్లా గనక తెర మీదికి వస్తే అప్పుడు పిలవాలని, ఒకసారి మొహం చూసి లేచిపోతానని చెప్పింది.

తెర మీద తెల్లజుట్టుతో ఒక పొడుగాటి మనిషి కనిపించింది. అవే పిల్లికళ్ళు. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో క్షేమసమాచారాలు అడిగి, మీ పెదనాన్న తీసుకుపోయిన కూతురు ఇస్లా ఇప్పుడెక్కడుందని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. ఇస్లా ఎవరంది. మళ్ళీ చెప్పాను. అలాంటి పేరే ఎప్పుడూ వినలేదంది. చివరికి ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. ఐ, ఎస్, ఎల్, ఏ.

ఆమె పెద్దగా నవ్వింది. నవ్వుకు ఆమె ఫోన్ ఊగి తెర మీద ఇంటి కప్పు కనిపించింది.

"ఓ, ఐలా," అంది. "ఐలా."

"ఆఁ, ఏందమ్మా," అని కిటికీ దగ్గరినుంచి అమ్మమ్మ పలికింది.

పక్కింటావిడ గోడ మీంచి పిలిస్తే ఎలా పలుకుతుందో అలాగే. పలికి, తిరిగి, ఎవరు పిలిచారా అని మా మొహాలు చూసింది.

మా అమ్మ చేతిలో చాయ్ గంటె అలాగే ఉండిపోయింది. మోరాగ్ ఇంకా నవ్వుతూనే చెబుతోంది. ఆ పేరులో ఎస్ రాస్తారట, పలకరట. తన నాయనమ్మ పేరు కూడా అదేనట. మనకు రాసింది రాసినట్టు చదవడమే తెలుసు. రాసిన అక్షరం నోరు మూసుకుని కూర్చుంటుందని ఎవరనుకుంటారు. ఇంకెవరూ అనుకోకపోతే పోనీ, నేను అనుకోవాల్సింది. పదేళ్ళుగా బడిలో పిల్లలతో ఐలాండ్ అని పలికిస్తున్నాను, అందులో ఎస్ పలకొద్దని ఎర్ర ఇంకుతో దిద్దుతున్నాను.

అమ్మమ్మకు విడమరిచి చెప్పడానికి కొంతసేపు పట్టింది. ఆమె ఒక్కో మెట్టూ ఎక్కింది.

"అంటే అక్క లేదా."

"లేదమ్మమ్మా. ఇస్లా నువ్వే."

"ఆ బుక్కుల ఉన్నది నేనేనా."

"నువ్వే. మీ బాపు రాయించిండు."

ఆమె కుర్చీ లాక్కుని వచ్చి ఫోన్ ముందు కూర్చుంది. పమిట సర్దుకుంది. తెర మీది మనిషిని చూసి, ఏదన్నా చదవమని చెప్పు, ఇంకేమన్నా రాసిండేమో అంది.

రాశాడు. మోరాగ్ దగ్గర ఒక రేకు డబ్బా ఉంది. అందులోంచి డంకన్ తన తల్లికి 1945లో ఇక్కడినుంచి రాసిన ఉత్తరం తీసింది. ఆమె ఒక వాక్యం చదవడం, నేను తెలుగులో చెప్పడం. నాకు గుర్తున్నంతలో అది ఇలా ఉంది. అమ్మా, బిడ్డకు నీ పేరు పెట్టాను. ఇక్కడ మా అత్తగారు కూడా ఏదో దేవుడికి మొక్కుకుని ఐల అనే అనుకుందట. ఇద్దరం ఒకేసారి ఒకే పేరు చెప్పి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తన మాటే నెగ్గిందని ఆమె అనుకుంటోంది. నేను కాదనలేదు, ఆమెతో పెట్టుకోవడం కంటే రోలరుకు ఎదురుగా నిలబడటం మేలు.

చివరి వాక్యానికి అమ్మమ్మ పగలబడి నవ్వింది. తనను పెంచిన ముసలమ్మ సరిగ్గా అలాంటిదేనట. ఆ ముక్క నాలుగుసార్లు చదివించుకుంది. నాలుగోసారికి మోరాగ్ చదువుతుండగానే తాను ముందే తెలుగులో చెప్పేస్తోంది.

తర్వాత నవ్వు ఆపి, మరి ఎందుకు రాలేదో అడగమంది.

మోరాగ్ డబ్బాలోంచి మూడు కవర్లు తీసి తెరకు దగ్గరగా పట్టుకుంది. తల్లి కోలుకున్నాక డంకన్ డునెడిన్ నుంచి రాసినవి. భార్యకు చదువు రాదని, రేపు బడికి పోయే బిడ్డ పేరు మీదే రాశాడు. కుమారి ఇస్లా మ్యూర్, ఊరి పేరు, సిద్దిపేట. అది 1948. ఇక్కడంతా గడబిడగా ఉన్న ఏడాది. మూడూ తిరిగి పోయాయి. మూడింటి మీదా ఒకే ముక్క రాసి ఉంది. ఆ పేరుగలవారు ఎవరూ లేరు. ఆ తర్వాత ఆయన జబ్బుపడి నాలుగేళ్ళకు పోయాడు.

ఎవరో ఆ కవరు పట్టుకుని మా ఊరు వచ్చే ఉంటారు. ఇస్లా ఎవరని అడిగే ఉంటారు. ఆ ఇస్లా ఏ గుడిసె ముందో గచ్చకాయలు ఆడుకుంటూ ఉండి ఉంటుంది. ఊరంతా నిజాయితీగా, అలాంటి మనిషి లేదని చెప్పి ఉంటుంది. నాకు ఆ ఊరి మీద, ఆ అక్షరం మీద, పేరు తెలియని ఆ కవరు మనిషి మీద ఒక్కసారిగా కోపం వచ్చింది. ఏదో అన్నాను కూడా.

"వాళ్ళనేమంటవే," అంది అమ్మమ్మ. "నేన్గూడ రెండేండ్లు ఇస్లా ఎవలో అనుకున్నదాన్నే గద."

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరివల్లా కాలేదు. మోరవ్వకు పెళ్ళైందా, పిల్లలెందరు, అల్లుడు తాగుతాడా, గొర్రెలు ఎన్ని ఉన్నాయి. గొర్రెలు లేవని, తాను లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యానని మోరాగ్ చెబితే అమ్మమ్మ నమ్మలేదు. అంత దేశంలో ఉండి ఒక్క గొర్రె కూడా లేకపోవడమేమిటని నన్నే అనుమానంగా చూసింది. చలిలో చేతులు లేని రవిక వేసుకుందని చెల్లెను కోప్పడింది. ఫోన్ పెట్టేశాక రెండు ప్లేట్ల ఉప్మా తిని, మా అమ్మను పిలిచి ఉప్పు సరిపోయిందని మెచ్చుకుంది. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటుంది.

సాయంత్రం దుబ్బయ్య తాత వచ్చాడు. ఈసారి అతను అడగకముందే అమ్మమ్మ అంతా చెప్పింది. బుక్కు, కవర్లు, నాయనమ్మ పేరు, మల్లన్న, నోరు మూసుకున్న అక్షరం, అన్నీ. అతను తల గోక్కుంటూ, మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా విన్నాడు. అది అతని జీవితంలో మొదటిసారి. విని, చివరికి లెక్క అడిగాడు.

"గట్లయితే వదినె, రెండేండ్ల సంది నువ్వు తిట్టిన తిట్లన్ని ఎవలకు తాకినట్టు."

అమ్మమ్మ అరుగు మీద రెండు కాళ్ళూ బార్లా చాపుకుని, మోకాళ్ళు అరచేతులతో రుద్దుకుంది.

"నాకే తాకినయి దుబ్బయ్యా. ఇవి గింతగనం ఎందుకు గుంజుతున్నయనుకున్నవ్."