స్క్రిప్టు అంచున మూడు అక్షరాలు

మొన్న తార్నాకలో టిఫిన్ సెంటర్ దగ్గర నిలబడి ఇడ్లీ తింటుంటే గోడమీది టీవీలోంచి 'ఢమ్' అని డప్పు మోగింది. మా చానల్ వార్తల్లో ఆ చప్పుడు పెట్టించింది నేనే. యాదగిరి సార్ గుర్తొచ్చారు.

యూనివర్సిటీలో మాకు జర్నలిజం చెప్పిన సార్‌కు ఒక చాదస్తం ఉండేది. స్క్రిప్టులో ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక అక్షరం రాయాలి. చూసిందైతే 'చూ', విన్నదైతే 'వి', మనం అనుకున్నదైతే 'అ'. ఒకసారి హాస్టల్ మెస్ గొడవ గురించి 'విద్యార్థులు ఆగ్రహంతో ఊగిపోయారు' అని రాసి, పక్కన దర్జాగా 'చూ' పెట్టాను.

"ఊగంగ చూసినవా బిడ్డా?"

"లేదు సార్. అలా రాస్తే బాగుంటుందని..."

"గట్లయితే అ పెట్టు. అది వార్త గాదు, నీ ముచ్చట. ముచ్చట చెప్పు, తప్పులేదు. గని నీ పేరు మీద చెప్పు."

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఏళ్లు గడిచి నేను చానల్లో ప్రొడ్యూసర్‌నయ్యాక, క్యాంపస్‌లో ఒక అమ్మాయి హాస్టల్ మేడమీంచి పడిపోయింది. రిటైరై తార్నాకలోనే ఉంటున్న సార్ ఇంటికి కెమెరాతో వెళ్లాను. శిష్యురాలిని కదా, కాదనలేదు. "ఈ వయసు పిల్లలకు మనసుల బరువు ఎక్కువుంటది. గని ఈ పిల్ల ఎట్ల పడ్డదో ఇంక ఎవ్వరికి తెల్వదు" అన్నారు. ఆ రెండో మాట చప్పగా ఉందని నేనే కోసేశాను. మొదటిదానికి డప్పు కలిపి, 'ప్రేమే ప్రాణం మీదికి తెచ్చిందా?' అని కింద వేయించాను. ఆఫీసులో అందరూ శభాష్ అన్నారు.

ఆరేసిన బట్టలు తీస్తూ కాలుజారి పడిందని నాలుగు రోజుల తర్వాత తేలింది. ఆ సంగతి స్క్రోలింగ్‌లో వేసి ఊరుకున్నాం. నడుం విరిగిన ఆ పిల్ల చదువు మానేసి లాలాగూడలోని ఇంటికి చేరింది.

సార్ ఫోన్ చేశారు. "పిల్ల నాయిన మా ఇంటికొచ్చిండు. తిట్టలే, కొట్లాడలే. 'సార్, మీరు చూసిండ్రా?' అని అడిగిండు. ఏం చెప్పాలె బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే పెట్టేశారు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నిరుడు పోయారు. ఇంటిదాకా వెళ్లి, గేటు బయటే నిలబడి వచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం మాత్రం మానలేదు.

ఇప్పటికీ ప్రతి స్క్రిప్టు అంచునా ఆ అక్షరాలు రాసుకుంటాను. ఎక్కువగా 'అ'లే వస్తాయి. యాంకర్‌కు ఇచ్చేముందు రబ్బరుతో చెరిపేస్తాను.