తిప్పకు, నొక్కి వదులు

మస్కట్‌లో ఒక ఆస్పత్రి వార్డు తొమ్మిదేళ్లు తుడిచి, 2005లో సఖినేటిపల్లి తిరిగొచ్చింది సువార్తమ్మ. అక్కడి నర్సులు తుడిచేవాళ్లను కూడా వదలకుండా, ఆగిన గుండెను నడపడం రబ్బరు బొమ్మ మీద నేర్పారు. ఆ సంగతి ఊళ్లో చెబితే, కొబ్బరికాయలు వలిచే జగ్గారావు వెటకారంగా ఆమెకు 'మస్కట్ డాక్టరమ్మ' అని పేరు పెట్టాడు. రెండేళ్లు ఆ పేరు మోసింది.

2007 మే నెలలో ఒక ఉదయం గోదావరి దాటించి నరసాపురం చేర్చే పంటు మీద, రేవు వదిలిన కాసేపటికే, రైతు ముత్యాలరాజుగారు తన మోటార్ సైకిల్ పక్కన నిలువునా కూలిపోయారు. ఫిట్స్ అనుకుని ఎవరో ఆయన గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టారు.

"ఫిట్స్ కాదండీ," అంటూ అదే పంటులో ఉన్న సువార్తమ్మ ముందుకొచ్చి ఆయన భుజాలు తట్టి పిలిచింది. పలుకు లేదు. నోరు తెరుచుకుని గుర్రుమని ఒక ఎగశ్వాస. చాలాసేపటికి ఇంకొకటి.

"గాలి పీలుస్తన్నారు కదా! రాజుగారి మీద చేతులేస్తావేంటి?" ఎవరో గదిమారు.

"అది ఊపిరి కాదండీ. గుండె ఆగిపోయింది. ఒడ్డు చేరేదాకా చూస్తా కూర్చుంటే మనిషి దక్కరు. ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి, కారు రేవులో ఉండాలి."

చొక్కా గుండీలు తెంపింది. రొమ్ము నడుమ ఒక అరచెయ్యి, దాని మీద రెండోది. మోచేతులు వంచకుండా గబగబా ముప్పై నొక్కులు, నోట్లోకి రెండు ఊదులు, మళ్లీ ముప్పై. గోదావరి సగం దాటేసరికి ఆమె అలిసిపోయింది. నొక్కులో లోతు తగ్గుతోందని ఆమెకే తెలిసింది.

"జగ్గా, రోజుకి వెయ్యి కాయలు వలుస్తావు కదా. రా!"

పంటు మీది జనంలోంచి జగ్గారావు వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. బలానికి లోటు లేదు. కానీ కాయను గునపానికి గుచ్చి మెలిపెట్టే చేతులవి. ప్రతి నొక్కుకీ మణికట్లు తిరిగాయి, అరచేతులు పక్కకు జారాయి.

"తిప్పకు! కాయ వలుస్తన్నావా? నొక్కు, పూర్తిగా వదులు. వదిలితేనే గుండెలోకి నెత్తురొస్తాది."

"ఆయ్, అక్కా," అన్నాడు జగ్గారావు. ఆమె బిగ్గరగా లెక్కపెట్టింది, అతను నొక్కాడు. అతను అలిసేలోగా ఆమె అందుకుంది.

నరసాపురం రేవులో కారు ఉంది. అందులోనూ ఆపలేదు. ఆస్పత్రిలో ఛాతీకి కరెంటు షాకిచ్చారు. మొదటిదానికి ఏమీ లేదు. రెండోదానికి గుండె దారిన పడింది.

"మీరు నొక్కుతూ రాకపోతే మా మిషన్‌కి చేసేదేమీ ఉండేది కాదు," అన్నాడు డాక్టరు.

నెలన్నర తర్వాత రాజుగారు ఆమెను పిలిపించారు.

"పక్కటెముకలు రెండు విరగ్గొట్టేవంట కదమ్మా!"

"ఆయ్, విరిగేయండి. అడగడానికి మీరున్నారు కదండీ."

ఆయన పగలబడి నవ్వి, పక్కటెముకలు పట్టుకున్నారు.

ఆ తర్వాతి సోమవారం, రాజుగారి మాట మీద, ఆయన కొబ్బరిరాశి దగ్గర పదకొండుమంది వలుపువాళ్లు రబ్బరు బొమ్మకు బదులు పీచు కుక్కిన గోనెసంచి చుట్టూ చేరారు. సువార్తమ్మ ఒకసారి చేసి చూపించింది. తర్వాత ఆమెకు నోరు విప్పే అవకాశమే రాలేదు.

"తిప్పకండ్రా! డాక్టరమ్మ చెప్పింది వినపళ్లేదా? నొక్కి వదలండి!" అని జగ్గారావు అందరినీ కసురుతున్నాడు. కుర్చీలో కూర్చున్న రాజుగారు గొంతెత్తి లెక్కపెడుతున్నారు.