సింహాచలం వెనక సీట్లో కూర్చున్నాడు

ఈ ఉదయం పూండి నుంచి పలాస వెళ్తుంటే, మా డీజిల్ ఆటో డ్రైవర్ సింహాచలం ఒక మెకానిక్ దగ్గర ఆగాడు. సైలెన్సర్‌లో పొగ తగ్గించే జాలీ పాడైంది. కొత్తది బాగా ఖరీదు.

"తీసి పారేత్తే బండి ఇంకా బాగా లాగుద్ది," అన్నాడు మెకానిక్.

"సదువుకున్నోరు, మీరే సెప్పండి మేడమ్. ఏయించాలా, వద్దా?" అని సింహాచలం నన్నడిగాడు. ముందు సీట్లో ఉన్న నాకు, ఒకపక్క అతని ఖర్చు, ఒకపక్క పొగ, రెండు వైపులా న్యాయం ఉన్నట్టే తోచింది.

వెనక సీట్లో ఎండుచేపల గంపతో ఉన్న నూకాలమ్మ ఊరుకోలేదు. "ఆవిడినేటడుగుతావు బావా? జాలీ నేకుండా ఓపాలి నువ్విక్కడ కూకో, తెలుత్తది."

మెకానిక్ జాలీ తీసి ఆటో నడిపాడు. వెనక కూర్చున్న సింహాచలం కాస్త దూరం వెళ్లొచ్చి, పొగకు మండుతున్న కళ్లు తుడుచుకుంటూ దిగాడు. "కొత్తదే ఎయ్యరా," అన్నాడు.

అతనికి గిట్టుబాటవుతుందో లేదో నాకింకా తెలియదు. నేనెప్పుడూ ముందు సీటే. మరి మీరు?