సరంగు బిందె

ఉప్పెనలో మాకు పోయినవి ఇవి: నీళ్ల లాంచీ ఒకటి, అందులోని ఇనప ట్యాంకు, అరవై అడుగుల రబ్బరు గొట్టం, ఇత్తడి కుళాయిలు రెండు, చేతిపంపు ఒకటి, లాంచీ నడిపే సరంగు మస్తాన్. వస్తువులన్నీ వంకర్లు పోయి పొలాల్లో దొరికాయి. మస్తాన్ దొరకలేదు.

దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. పెద్ద చదువు లేదు నాకు. కూడికలూ కొలతలూ సొంతంగా నేర్చుకున్నాను, వాటినే నమ్ముతాను. అవి నన్ను మోసం చేసింది ఈ ఒక్కసారే.

డెబ్భై ఏడు నాటి సంగతి. నాగాయలంక రేవులో కుళాయికి గొట్టం తగిలించి లాంచీ ట్యాంకు నింపడం, ఆ మంచినీళ్లు సముద్రం దగ్గరి లంకలో పంచడం మా పని. లంకలో బావులు ఎప్పుడూ కాస్త ఉప్పగానే ఉండేవి. ఉప్పెన తరవాత ఆ నీళ్లు నోట పెట్టే పనే లేదు.

విజయవాడలో కొత్త ట్యాంకు వెల్డింగ్ చేయించి వేరే లాంచీలో దింపారు. లోపల పూసిన ఎర్ర రంగు పూర్తిగా ఆరకముందే పనిలో పెట్టాల్సొచ్చింది. నీళ్లకు ఆ వాసన పట్టుకుంది. గతిలేక జనం అవే తాగారు.

ట్యాంకును నేనే బిందెతో పోసి కొలిచాను. నూట ఇరవై బిందెలు. లంకలో మిగిలిన కుటుంబాలు అరవై. ఇంటికి రెండు. సరిగ్గా సరిపోవాలి.

మొదటి రోజే నూట పంతొమ్మిదికి ఆగిపోయింది. వరసలో ఆఖరున ఉన్న నాంచారమ్మ అనే ముసలామె ఖాళీ బిందె చంకనెట్టుకుని నా వంక చూసింది.

"ఏం లెక్కల మేస్త్రీ, నా దగ్గరకొచ్చేసరికే తప్పిందా నీ లెక్క?" అంది.

మర్నాడూ ఒకటి తక్కువ. ఆ మర్నాడూ అంతే. రోజూ ఒకే ఇంటికి అన్యాయం జరగకూడదని వరస మార్చాను. దాంతో రోజుకో ఇల్లు ఒక్క బిందెతో వెనక్కి వెళ్లేది. అది పసిపిల్లలున్న ఇల్లయితే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. రేవులో మా వెనక ఇంకా లాంచీలు కాచుకుని ఉండేవి. ట్యాంకు నిండాక ఒక్క చెంబు కూడా అదనంగా పట్టుకోనిచ్చేవాళ్లు కాదు.

కారణం వెతకని చోటు లేదు. కుళాయిలో నీళ్లు ఆగినప్పుడు గొట్టం కొస ట్యాంకు నీళ్లలో మునిగి ఉంటే, ఆ నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వెళ్లిపోతాయి. అందుకని కొసను పైకెత్తి కట్టాను. అతుకుల మీద పొడి సున్నం రుద్ది చూశాను. ఎక్కడా తడి తగల్లేదు. చివరికి గొట్టాలు బిగించే ఏసుదాసును అనుమానించాను.

"బిందెడు నీళ్లు ఎక్కడ దాస్తానండీ, పొట్టలోనా? నేనేమన్నా ఒంటెనా?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి వాడి మొహం మారిపోయింది. "అయితే రేపు ట్యాంకు మూత మీద మీరే కూర్చోండి" అన్నాడు.

కూర్చున్నాను. పట్టపగలు, ఎండలో, రేవు నుంచి లంక దాకా లేవలేదు. రేవులో కొలకర్ర దించితే నిండు. లంకలో దించితే బిందెడు తక్కువ.

అప్పటికి పది రోజులు. పదకొండో రోజు పంపకం అయ్యాక మస్తాన్ ఇంటికి బయల్దేరాను. లంకకు అవతలి కొసన ఉన్న ఆ పేట మొత్తం ఖాళీ అయిందని మాకు చెప్పారు. అతని భార్య కరీమా మాత్రం కదల్లేదని ఆ ఉదయమే నాంచారమ్మ చెప్పింది. రేవు గదిలో మిగిలిన మస్తాన్ దుప్పటి ఇద్దామని, దారంతా బురదే అయినా నడిచి వెళ్లాను.

కరీమా దుప్పటి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"ఆయనొచ్చేసరికి ఇల్లు మూసుంటే బాగోదన్నా. అందుకే కదల్లేదు" అంది.

"మరి నీళ్లకెట్టాగమ్మా?" అన్నాను.

"అదేంటన్నా, రోజూ మీరే పంపిస్తున్నారుగా! మధ్యాహ్నం నమాజు చేసుకుని లేచేసరికి గడప దగ్గర బిందె నిండుంటంది. ఆ మోసుకొచ్చేవాణ్ణి ఒక్క కేక వెయ్యమను. మొహం అన్నా చూస్తా."

లోటాతో ముంచి ఇచ్చింది. తియ్యటి నీళ్లు. ఎర్ర రంగు వాసన. ఆ వాసన వచ్చే నీళ్లు మా ట్యాంకులో తప్ప ఎక్కడా లేవు. తిరిగొచ్చేటప్పుడు బురదలో వెతుక్కుంటూ వచ్చాను. నా అడుగులే ఉన్నాయి.

ఏసుదాసుకు చెబితే వాడు చేతిలో గొట్టం కింద పెట్టేశాడు.

"సరంగు బిందె అండీ" అన్నాడు.

పాత లాంచీలో ఆ ఆనవాయితీ ఉండేది. లంక చేరగానే, ఎవరికీ పోయకముందు, మొదటి బిందె సరంగు ఇంటికి వెళ్లాలి. కొత్త సరంగు విజయవాడ మనిషి, లంకలో ఇల్లు లేదు. అందుకని ఆ బిందె ఇక అక్కర్లేదని నేనే పంపకం లెక్కలోంచి కొట్టేశాను.

మర్నాడు రేవులో కరీమా సంగతి చెప్పి, ఆమె పేరున ఒక బిందె విడిగా పట్టించాను. లంక చేరగానే ఏసుదాసు దాన్ని భుజానికెత్తుకుని వెళ్లాడు. ఆ రోజు ట్యాంకు నూట ఇరవై బిందెలూ ఇచ్చింది. తరవాత ఎన్నడూ తగ్గలేదు.

ఏసుదాసు ఖాళీ బిందెతో తిరిగొచ్చాడు.

"ఏమందిరా?" అని అడిగాను.

"తలుపు దగ్గరే నిలబడుందండీ. నన్ను చూసి 'నువ్వా?' అంది. అంతే, లోపలికెళ్లిపోయింది."

ఆ నీళ్లు మూత వేసిన ట్యాంకులోంచి ఆ గడప దాకా ఎలా వెళ్లాయో ఎన్ని రకాలుగా లెక్క వేసినా నాకు తేలలేదు. ఇప్పటికీ నిండు ట్యాంకు కనిపిస్తే మూతెత్తి చూడకుండా ఉండలేను. కరీమా బిందె ఆమెకు చేరింది. ఒక్క బిందెతో వెనక్కి వెళ్లిన ఇళ్లకే నేను ఇంకా బాకీ. నాంచారమ్మ మరుసటేడు పోయింది, మిగతావాళ్లు తలో ఊరూ చేరారు.

పదకొండు బిందెలు.